మెడ మధ్య గడ్డ.. దారి తప్పిన థైరాయిడ్‌లోనూ క్యాన్సర్
తల్లి కడుపులో థైరాయిడ్ నాలుక మొదట్లో పుట్టి మెడలోకి దిగుతుంది. కొందరిలో కొంత దారిలోనే ఆగిపోయి తిత్తిగా మారుతుంది. గుటక వేసినా, నాలుక చాచినా ఆ గడ్డ పైకి కదులుతుంది. అందులో క్యాన్సర్ సుమారు నూటికి ఒకరికే. అదీ ఎక్కువగా నెమ్మదిగా పెరిగే పాపిల్లరీ రకం. నొప్పి లేదు కదా అని వదిలేయడంతోనే చిక్కు. గడ్డ గట్టిపడినా, త్వరగా పెరిగినా అల్ట్రాసౌండ్, సూది పరీక్ష చేయించాలి. చాలాసార్లు ఆపరేషన్ తర్వాత బయాప్సీలోనే సంగతి తెలుస్తుంది.

కోసేముందు మెడలో అసలు థైరాయిడ్ ఉందో లేదో తప్పక చూడాలి. కొందరికి ఆ గడ్డే ఉన్న ఒక్క థైరాయిడ్! తిత్తితోపాటు హయాయిడ్ ఎముక మధ్యభాగాన్నీ తీసేస్తారు. క్యాన్సర్ పాకితే మొత్తం థైరాయిడ్ తీసి, అవసరమైతే రేడియో అయోడిన్ ఇస్తారు. గర్భిణులకు మాత్రం అది ఇవ్వరు. థైరాయిడ్ మొత్తం తీస్తే జీవితాంతం పరగడుపున థైరాక్సిన్ మాత్ర వేసుకోవాలి. రంజాన్‌లో దాన్ని సహరీకి ముందా, రాత్రి పడుకునేటప్పుడా అన్నది డాక్టర్‌ను ముందే అడగాలి.