పరుగుల పండుగ ముగిసిన మర్నాడు



ఆడవాళ్ళ కార్యక్రమంలో క్రికెట్టు గురించి ఏం మాట్లాడుతుందీవిడ అని మీలో కొందరికి నవ్వు రావచ్చు. రానీయండి. మార్చి చివరి నుంచి మే చివరి దాకా మన ఇళ్ళల్లో రాత్రి వంట ఏడింటికల్లా ముగించాల్సి రావడానికి కారణం ఆ ఆటే కదా! ఏడున్నరకు టి.వి. ముందు కూర్చున్నవాళ్ళకు పళ్ళెం చేతికందించేది మనమే. అందించి లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు కొందరైతే, నాలాగా అక్కడే చతికిలబడేవాళ్ళు మరికొందరు.

నల్లగొండలో మా పుట్టింటి గల్లీలో అన్నదమ్ములు ఆడుతుంటే నాకు బ్యాటు ఇచ్చేవాళ్ళు కారు. గోడ మీద బొగ్గుతో పరుగుల లెక్క రాసే పని మాత్రం నాది. చదువు పదో తరగతితో ఆగింది గాని ఆ లెక్కల పిచ్చి ఆగలేదు. పెళ్ళయి మహబూబ్‌నగర్ వచ్చాక క్యాలెండరు కాగితాల వెనక రాసుకుంటున్నాను. మన హైదరాబాద్ సన్‌రైజర్స్ జట్టుకు 2024 సీజను ఎట్లా ముగిసిందో ఆ కాగితాలు చూసే చెబుతున్నాను.

ఈ ఐపీఎల్ పోటీలో పది జట్లు. ఒక్కొక్కటి 14 ఆటలు ఆడాలి. గెలిస్తే 2 పాయింట్లు, వాన వల్ల ఆట రద్దయితే చెరొకటి. మొదటి నాలుగు జట్లు పై మెట్టుకు వెళ్తాయి. అందులోనూ మొదటి రెండింటికి ఒకసారి ఓడినా ఇంకో అవకాశం ఉంటుంది. అందుకే రెండో స్థానం కోసం అంత కొట్లాట. 2023లో మనవాళ్ళది పదింట పదో స్థానం. అట్లాంటి జట్టు 2024 మార్చి 27న ఉప్పల్‌లో ముంబయి మీద 277 పరుగులు చేసింది. అప్పటికి ఐపీఎల్‌లో ఎవరూ చేయనంత. ఏప్రిల్ 15న బెంగుళూరులో దాన్ని కూడా దాటి 287. ఆ రోజు నా పెన్సిలు మొన అరిగిపోయింది.

మా అత్తమ్మ ఒకటే మాట అడిగేది, “మన పేరు పెట్టుకున్నరు గని, వీళ్ళల్ల మనోడు ఎవడే?” అని. ఆ మాటా నిజమే. కెప్టెన్ కమిన్స్, ఓపెనర్ హెడ్ ఆస్ట్రేలియా వాళ్ళు. క్లాసెన్ దక్షిణాఫ్రికా, అభిషేక్ శర్మ పంజాబు. తెలుగు పిల్లవాడంటే విశాఖ నుంచి వచ్చిన నితీశ్ కుమార్ రెడ్డి. మన హైదరాబాదీ తిలక్ వర్మేమో ఆ మార్చి 27న ముంబయి తరపున మన మీదే 64 కొట్టాడు! అత్తమ్మకు నేను చెప్పిందేమంటే, కోడలు ఏ ఊరి నుంచి వచ్చినా ఇంట్లో అడుగు పెట్టాక మన ఇంటిపేరే కదా, కన్న కూతురు అత్తగారి పక్షాన మాట్లాడితే తప్పు పడతామా అని. “నువ్వు మాటలు బాగ నేర్చినవ్” అంది.

ఇక పట్టికలో చివరన కనిపించే ‘నెట్ రన్ రేట్’ చూసి చాలామంది భయపడతారు. భయపడాల్సిందేమీ లేదు. ఒకే జీతం తెచ్చే ఇద్దరు తోడికోడళ్ళు నెల గడిపారనుకోండి. ఇద్దరికీ అప్పు లేదు. మరి ఎవరు బాగా నడిపారు? నెలాఖరున ఎవరి డబ్బాలో బియ్యం మిగిలితే వాళ్ళు. ఇదీ అంతే. సీజను మొత్తం మీద మనం ఓవరుకు సగటున చేసిన పరుగుల్లోంచి, ఎదుటివాళ్ళకు ఓవరుకు ఇచ్చిన సగటు తీసేయాలి. మే 8న లక్నో జట్టు 20 ఓవర్లలో 165 చేసింది, అంటే ఓవరుకు ఎనిమిది చిల్లర. హెడ్, అభిషేక్ ఇద్దరే దాన్ని 9.4 ఓవర్లలో కొట్టి పారేశారు, ఓవరుకు 17 పైన. డబ్బా ఒక్కరోజులో నిండిపోయింది. ఆ వారంలోనే మావాడికి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష. ఆట తొందరగా అయిపోయి వాడు పుస్తకం తీశాడని నాకు రెట్టింపు సంతోషం.

ఆ మిగులే అక్కరకొచ్చింది. మే 19న మనవాళ్ళు ఉప్పల్‌లో పంజాబును ఓడించారు. అదే రాత్రి గౌహతిలో రాజస్థాన్ ఆట వానకు కొట్టుకుపోయింది. ఇద్దరికీ 17 పాయింట్లే. రన్ రేట్ ఎక్కువ కాబట్టి రెండో స్థానం మనది. ఆ రెండో అవకాశం లేకపోతే 21న అహమ్మదాబాదులో కోల్‌కతా చేతిలో ఓడినప్పుడే ఇంటికి రావలసింది. 24న చెన్నైలో రాజస్థాన్‌ను 36 పరుగుల తేడాతో ఓడించి ఫైనలుకు వచ్చారు.

మే 26, ఆదివారం. మామిడికాయ తొక్కు పెట్టే రోజులు. పొద్దున ముక్కలు కొట్టించి తుడిచి ఆరబెట్టాను, ఆట అయ్యాక కారం కలుపుదామని. మళ్ళీ కోల్‌కతాయే ఎదురు. మొదటి ఓవర్లోనే స్టార్క్ బంతి అభిషేక్ వికెట్లు పడగొట్టింది. రెండో ఓవర్లో హెడ్ ఎదుర్కొన్న ఒకే ఒక్క బంతికి సున్నా. 18.3 ఓవర్లకు 113, అందరూ అవుట్. ఐపీఎల్ ఫైనల్లో అంత తక్కువ అంతకుముందు ఎవరూ చేయలేదు. కోల్‌కతా 10.3 ఓవర్లలో పని ముగించింది. జట్టు తరపున కూర్చున్న కావ్య మారన్ చప్పట్లు కొడుతూనే పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకోవడం చూసి నేనూ చెంగు తీశాను.

జాగ్రత్తగా ఆడాల్సింది అని మర్నాడు అందరూ అన్నారు, మావారితో సహా. నేనొప్పుకోను. మొదటి బంతి నుంచి బాదడమే వాళ్ళను పదో స్థానం నుంచి అక్కడి దాకా తెచ్చింది. ఆ ధైర్యం 287 ఇచ్చిన రోజు మెచ్చుకుని, 113 ఇచ్చిన రోజు తిడితే ఎట్లా? నా ఫిర్యాదల్లా ఒకటే: ఓపెనర్లిద్దరూ పోయాక వెనక వచ్చినవాళ్ళలో ఒక్కరైనా పాతుకుని నిలబడవలసింది. అందరికంటే ఎక్కువ పరుగులు కెప్టెన్ కమిన్స్‌వి, అవీ 24. బౌలర్ అతను!

టి.వి. కట్టేశాక అత్తమ్మ మంచంలోంచి, “మన పిలగాండ్లు ఓడిండ్రా?” అంది. ‘మన’ అనడం అదే మొదటిసారి. ఆ రాత్రి నేను కారం కలపలేదు.

ఓటమి ఒక్కటే అయితే రెండు రోజుల్లో మరిచిపోదును. పదిహేడేళ్ళ మగపిల్లవాడు తల్లితో ఏం మాట్లాడతాడు చెప్పండి? అన్నం తిన్నావా అంటే ఊఁ, పరీక్ష ఎట్లా రాశావంటే ఆఁ. ఆ రెండు నెలలూ మాత్రం వాడు నాతో రోజూ మాట్లాడాడు. నా లెక్కలో తప్పు పట్టేవాడు, “అమ్మా, అది బై, బ్యాట్స్‌మన్‌కు రాయకు” అని. సోమవారం ఏడున్నరకు అలవాటు కొద్దీ ఇద్దరం టి.వి. ముందుకొచ్చి, చూడ్డానికేం లేక, ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తరవాత వాడికి కాలేజీలో సీటొచ్చింది, హాస్టలుకు పోయాడు.

2025లో మనవాళ్ళు ఆరో స్థానంతో మధ్యలోనే ఆగిపోయారు. ఇక గెలిచినా ఓడినా ఒకటే అన్న ఆఖరి ఆట మే 25న ఢిల్లీలో, మళ్ళీ అదే కోల్‌కతాతో. క్లాసెన్ 37 బంతుల్లో నూరు. మనవి 278, గెలుపు 110 పరుగుల తేడాతో. నేను అప్పుడు మామిడి ముక్కలకు నూనె పట్టిస్తున్నాను. ఫోను మోగింది. “అమ్మా, చూస్తున్నవా? గిది నిరుడు ఆడితే ఏం పోయిందే వీళ్ళకు!”

“ఉండు బిడ్డా, చేతులు కడుక్కొని వస్త. క్లాసెన్ సిక్సర్లు ఎన్ని రాసినవు?” అన్నాను. ఏడో ఎనిమిదో అని వాడు తడబడ్డాడు. తొమ్మిది. నా కాగితం మీద ఉన్నాయి.