పీపా మీద డాలరు, తాడి మీద కేసు

అమెరికా బీరు చరిత్ర వింటే మన కల్లుపాకలే గుర్తుకొస్తాయి. 1862లో అక్కడ అంతర్యుద్ధం. ఖర్చుకు డబ్బు చాలక సర్కారు బీరు పీపాకు డాలరు పన్ను వేసింది. ఆ ఏడాదే బీరు కంపెనీల యజమానులు సంఘం పెట్టుకున్నారు. కూలీలకు దేశవ్యాప్త సంఘం రావడానికి మాత్రం 1886 దాకా పట్టింది, అంటే చికాగో మేడే ఏడాదే. వాళ్ళది రోజుకు 14 గంటలు, ఆపైన చాకిరీ. చాలామందికి పడక కూడా కంపెనీలోనే, లేకుంటే మేస్త్రీ ఇంట్లో. బీరు మాత్రం ఉచితం! కోతల్లో ముంతెడు కల్లు పోయించి, కూలి దగ్గర నసిగే ఆసామిని మనలో ఎరగనివాళ్ళెవరు?

1920లో మద్యనిషేధం వచ్చింది. పెద్ద కంపెనీలు ఐస్‌క్రీం, మాల్టు పాకం అమ్ముకుని బతికాయి. ఆ పాకంతోనే జనం ఇళ్ళల్లో బీరు చేసుకున్నారు. ముఠాలు కోట్లు గడించాయి. మాంద్యంలో ఖజానా ఎండాక, 1933 ఏప్రిల్ 7న బీరు మళ్ళీ అంగళ్ళకొచ్చింది.

ఇక మన సంగతి. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం. జగ్గయ్యపేట, నందిగామ తాలూకాలు ఆ రాష్ట్రంలోవి. పేట దాటి కోదాడ వైపు పోతే హైదరాబాదు రాష్ట్రం. అక్కడ నిషేధం లేదు, ఆబ్కారీయే పెద్ద రాబడి. తాటిచెట్టు ఒకటే, పొలిమేరకు అటు గీస్తే పన్ను, ఇటు గీస్తే కేసు. ఇటు గౌడల మోకు, కత్తి అటకెక్కాయి. చెట్టు తప్ప వేరే ఆస్తి లేనివాడు ఏం తినాలి? కూలికే పోవాలి.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పినా ప్రభుత్వం కదల్లేదు. గౌతు లచ్చన్న నాయకత్వాన గీత కార్మికులు సత్యాగ్రహం చేసి జైళ్ళకు పోయారు. 1954 నవంబరు 6న కర్నూలు శాసనసభలో ఈ విషయం మీదే అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. సర్కారు పడింది. అయితే 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులకు దక్కినవి 15 సీట్లే. నిషేధమూ ఏళ్ళ తరబడి సాగింది.

కల్లు గీసేవాడి బతుకు వేరు, సారా కాంట్రాక్టరు లాభం వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు తిరగబడింది సారా మీద. అక్షరాలు నేర్చుకునే పాఠాల దగ్గర మొదలైన ఆ పోరు రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా బందయింది. 1995లో వచ్చిన పూర్తి నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. అమెరికాలో 1933లో వినిపించిన మాటే ఇక్కడా వినిపించింది: ఖజానా.