నేను అమ్మని ఎరువు

సోంపేటలో మాది ఎరువుల కొట్టు. యూరియా బస్తా మీద 46 అని ఉంటుంది, అంటే నూటికి నలభై ఆరు పాళ్ళు నత్రజని. డీఏపీ మీద నత్రజని 18, భాస్వరం (ఆక్సైడు లెక్కన) 46. రైతు ఆ అంకెలు అడగడు, వాన పడుతుందా అని అడుగుతాడు. చల్లిన మర్నాడే కుండపోత పోసిందంటే మా ఉద్దానం ఇసుక నేల దేన్నీ పట్టి ఉంచదు మరి. చేను దాటిన సరుకు గెడ్డలో పడి, మహేంద్రతనయలో కలిసి, బారువ మొగ దగ్గర సముద్రం చేరుతుంది.

సముద్రంలోనూ పంట ఉంది. కంటికి ఆనని నాచు అది. దాన్ని తిని చిన్న పురుగులు, వాటిని తిని కవళ్ళు, నెత్తళ్ళు, వాటి వెనక వంజరాలు. ఆ నాచుల్లో మేలురకం డయాటమ్‌లు. వీటికి నత్రజని, భాస్వరం చాలవు. ఒంటి చుట్టూ గాజుపెంకు కట్టుకోవాలి గనక సిలికా కావాలి. పరమాణువుల లెక్కన ఒక పాలు భాస్వరానికి సుమారు పదహారు పాళ్ళు నత్రజని, దాదాపు అంతే సిలికా. ఈ మూడోది నా కొట్టులో లేదు. రాయి అరిగి, కరిగి రావాల్సిందే. మహేంద్రగిరి మీద వాన పడ్డప్పుడల్లా కొండ ఇంతింతగా కరిగి దిగుతుంది.

వరదొస్తే ఎరువెక్కువ, ఎరువెక్కువైతే చేపలెక్కువ అని మా అరుగు మీద తేల్చేస్తుంటారు. అంత తేలిక కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఒడిశా కొండల నీళ్ళతో వంశధార పొంగింది. అలాంటి నీటిలో ఎరువు దండిగా ఉంటుంది గానీ బురద వల్ల వెలుతురు లోపలికి దిగదు. వెలుతురు లేనిదే నాచు ఎదగదు. నీరు తేరుకున్నాకనే పచ్చదనం. గోదావరి మొగల దగ్గర విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్ళు గమనించింది కూడా ఇదే.

ఇంకో చిక్కుంది. మంచినీరు తేలిక, ఉప్పునీటి మీద మూతలా కూర్చుంటుంది. లోతుల్లో ఎంత ఎరువున్నా గాలి దాన్ని పైకి తేలేదు. అరేబియా సముద్రం ముందు మన బంగాళాఖాతం పైపొర పేదగా ఉండడానికి ఇదో పెద్ద కారణం. అంటే నది ఒక చేత్తో ఇస్తూ రెండో చేత్తో ఆపుతుంది.

ఇక మంచుకొండలు. సోంపేటకీ వాటికీ ఏం సంబంధం? వానాకాలం గడిచాక గంగ, బ్రహ్మపుత్రల నీరు తీరాన్ని అంటిపెట్టుకుని దక్షిణానికి కదులుతుంది. మన దేశ తీరం వెంట ఎనిమిది చోట్ల మత్స్యకారులు పట్టిచ్చిన నీటిలో ఉప్పు కొలిచి, శాస్త్రవేత్తలు 2014లో దీన్ని ప్రకటించారు. సుమారు వంద కిలోమీటర్ల వెడల్పున సముద్రంలోనే ఒక నది! దక్షిణపు కొసకు చేరడానికి దానికి రెండున్నర నెలలు. కార్తీక స్నానానికి బారువ వెళ్ళేవాళ్ళకి గంగే ఎదురొస్తోందన్నమాట, పురాణం ప్రమేయం లేకుండా.

హిమానీనదం కదులుతూ అడుగున రాతిని పిండి చేస్తుంది. ఆ పిండిలో ఇనుము, భాస్వరం, సిలికా ఉంటాయి. మంచు జోరుగా కరిగితే పిండీ ఎక్కువే దిగుతుంది. 2023 అక్టోబరు 4న సిక్కింలో దక్షిణ ల్హోనక్ సరస్సు తెగి వచ్చిన వరదకు చుంగ్‌థాంగ్ ఆనకట్టే కొట్టుకుపోయింది. బ్రహ్మపుత్రలో కలిసే తీస్తా వెంట ఎంత రాయీ మట్టీ కదిలి ఉంటుందో ఊహించుకోండి. కానీ గంగ, బ్రహ్మపుత్రలు ఏటా మోసే సుమారు వంద కోట్ల టన్నుల మట్టిలో అత్యధికం బెంగాల్ మైదానంలో, డెల్టా ముందర దిగిపోతుంది. మన దాకా రాగలిగేది కరిగిన సరుకే, అదీ దారిలో నాచులు తినగా మిగిలింది. పైగా ఆ నదుల ఏడాది నీటిలో పెద్ద వాటా వానది, మంచుది కాదు. అందుకే మంచు కరిగితే ఉద్దానం చేపలు ఇలా అవుతాయని ఎవరైనా ఒక్క ముక్కలో చెబితే నేను నమ్మను.

నా బెంగ పాళ్ళు తప్పడం గురించి. ఆనకట్ట వెనక నీరు నిలిస్తే మట్టి దిగిపోతుంది, అక్కడే పెరిగిన డయాటమ్‌లు సిలికాను అడుక్కి తీసుకుపోతాయి. యూరియాకు ఆ అడ్డు లేదు, ఆనకట్ట కిందా చేలున్నాయి కదా. డాన్యూబ్ మీద 1972లో ఐరన్ గేట్స్ ఆనకట్ట వచ్చాక నల్ల సముద్రంలో సిలికా తగ్గి, డయాటమ్‌ల చోట వేరే నాచులు పెరిగాయి. అందులో ఆనకట్ట వాటా ఎంతన్నది ఇప్పటికీ వాదనే.

ఈ పాళ్ళు సరిచేసే పని మా సోంపేట బీల, అంటే ఇక్కడి చిత్తడి నేల, చేయగలదు. వరదనీరు తుంగలో నిలిచినప్పుడు ఆక్సిజన్ అందని బురదలో సూక్ష్మజీవులు అదనపు నత్రజనిని గాలికి వదిలేస్తాయి. 2010 జూలై 14న ఈ బీలలో థర్మల్ ప్రాజెక్టు వద్దన్నవాళ్ళ మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతి రద్దు చేసింది. ఆనాటి మాటలన్నీ గడ్డి, చేప, వరి గురించే. బీలలోకి ఎంత నత్రజని వస్తోంది, ఎంత పోతోంది అన్న లెక్క కూడా తీయాలంటాను. సముద్రపు నీరు పట్టిచ్చిన మత్స్యకారుల్లాంటి వాళ్ళు ఇక్కడా ఉన్నారు. వరద రోజుల్లో రోజుకో సీసా, మిగతా నెలల్లో పక్షానికొకటి చాలు.