మెడపట్టీ లేని కుక్క

పిల్లలకొరకు తీసిన చిత్రములను పెద్దలు కొన్ని యేండ్ల తరువాత మరల చూచుట మంచిది. బాల్యమున మనకు కథయే కనబడును. వయస్సు వచ్చిన పిమ్మట ఆ కథలోని న్యాయాన్యాయములు కూడ కనబడును. నేనీమధ్య ఇట్లు మరల చూచిన చిత్రము డిస్నీ సంస్థవారు 1955లో విడుదల చేసిన 'లేడీ అండ్ ది ట్రాంప్'. లేడీ యనునది ఒక గృహస్థుల యింట గారాబముగా పెరిగిన ఆడుకుక్క. ట్రాంప్ అనగా దేశదిమ్మరి. ఇల్లు లేని వీధికుక్క. ఈ రెంటి స్నేహమే కథ.

చిత్రము డెబ్బదియారు నిమిషములది. వేలకొలది బొమ్మలను చేతితో గీసి, రంగులు వేసి, వరుసగా ఛాయాగ్రహణము చేసి కదలించిరి. సినిమాస్కోపు అను వెడల్పు తెరకై తయారైన మొదటి పూర్తినిడివి బొమ్మల చిత్ర మిదియే. ఆనాడు అన్ని సినిమాశాలలకును అట్టి తెరలు లేనందున మామూలు తెరకు సరిపడునట్లు మరియొక ప్రతిని కూడ సిద్ధము చేయవలసివచ్చినది. 2023లో అమెరికా దేశమువారు దీనిని తమ జాతీయ చలనచిత్ర భాండారమున చేర్చిరి.

దీనిలోని నేర్పు ముఖ్యముగా దృష్టిని కుక్క ఎత్తునకు దించుటలో నున్నది. మనుష్యుల ముఖములు తరచుగా కనబడవు. కాళ్లు, చెప్పులు, చీపురుకట్టలు కనబడును. యజమాని పేరు 'జిమ్ డియర్' అని లేడీ తలంచును. యజమానురాలు అతనిని అట్లే పిలుచును గదా! కుక్క విన్నంతవరకే లోకము.

ఇంటివారు ఊరికి పోగా వచ్చిన బంధువురాలు లేడీ మూతికి చిక్కము కట్టింపబోవును. లేడీ పారిపోయి ట్రాంప్ చెంత చేరును. మరునాడు దానిని పట్టుకొని కుక్కల బందెలదొడ్డిలో వేయుదురు. మెడపట్టీయు నగరపు బిళ్లయు ఉండుటచే అది బ్రతికి బయటపడును. పట్టీ లేని ఒక కుక్కను మాత్రము అక్కడినుండి ఒక తలుపువైపు నడిపించుకొని పోవుదురు. అది తిరిగి రాదు. తక్కిన కుక్కలు మౌనముగా చూచుచుండును. చిన్నపిల్లల చిత్రములో ఇంత కఠినమైన సత్యమును ఇంత నెమ్మదిగా చెప్పిరని నే నిప్పుడే గ్రహించితిని.

కథాంతమున పసిబిడ్డ గదిలోనికి ఎలుక దూరును. ట్రాంప్ దానిని చంపి బిడ్డను కాపాడును. ఊయెల బోర్లపడియుండుట చూచి, విచారింపకయే దానిని దోషిగా నెంచి కుక్కల బండికి అప్పగింతురు. ఈ ఘట్టము చూచుచుండగా నాకు నన్నయభట్టారకుని ఆదిపర్వము తోచినది. జనమేజయుని యజ్ఞవాటికలో ఏ తప్పును చేయని సారమేయుని రాజసోదరులు కొట్టిరి. తల్లి సరమ వచ్చి రాజును నిలదీసినది. భారతము ఒక కుక్కకు జరిగిన అన్యాయముతో మొదలై, కుక్కను విడిచి స్వర్గమునకు రానన్న ధర్మరాజు మాటవరకు సాగును. కనుక వీధికుక్కనుగూర్చి ధర్మవిచారము మనకు క్రొత్తది కాదు.

చిత్రమునకు లోపములు లేకపోలేదు. అందలి సయాం పిల్లుల పాట ఆసియావాసులను ఎగతాళి చేయునట్లున్నదని విమర్శ వచ్చినందున, 2019లో నిజమైన కుక్కలతో తీసిన క్రొత్త చిత్రమున దానిని తొలగించిరి. ఆ చిత్రమున ట్రాంప్ వేషము వేసినది శరణాలయమునుండి తెచ్చిన కుక్కయే. ఇంతకంటె పెద్ద కొరత మరియొకటి కలదు. ట్రాంప్‌నకు ఇల్లు దొరకినది, మెడపట్టీ దొరకినది. బందెలదొడ్డిలోని తక్కిన కుక్కల గతి యేమి? చిత్ర మా మాట ఎత్తదు.

ఆ మాట మన మెత్తక తప్పదు. నేను నివసించునది గన్‌ఫౌండ్రీ. 1786లో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాము సైన్యమునకై ఫిరంగులు పోతపోయించిన తావిది. 'తోప్ కా సాంచా' అను పేరు నేటికిని వినబడును. పగలు బ్యాంకులు, బడులు, అంగళ్లు. రాత్రి అంగళ్ల తలుపులు దిగగానే వీధి కుక్కలది. ఫలహారపు బండ్లవద్ద మిగిలిన ఎంగిలాకులే వాని ఆహారము. 2023 ఫిబ్రవరిలో ఈ నగరముననే, అంబరుపేటలో, నాలుగేండ్ల బాలుడు వీధికుక్కల పాలబడి మరణించెను. ఆ తల్లిదండ్రుల యెదుట జీవకారుణ్యమును బోధించుటకు ఎవరికి నోరు వచ్చును? కాని కోపముతో కుక్కలను చంపినంతమాత్రమున మరియొక బిడ్డకు రక్షణ కలుగదు.

ఏలనగా కుక్క తన వీధిని కాచుకొను జంతువు. ఒక వీధిలోని వానిని తొలగించి ఎంగిలికుప్పను అట్లే ఉంచినచో ప్రక్కవీధివి వచ్చి చేరును. అవి ఈని మరల పెరుగును. అందుచేత 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ననుసరించి 2001లోను, దానికి మారుగా 2023లోను నియమములు చేసిరి. వాని ప్రకారము నగరపాలకులు కుక్కలను పట్టి, సంతాననిరోధక శస్త్రచికిత్స చేయించి, రేబీసు టీకా వేయించి, పట్టిన చోటనే విడువవలెను. 2025 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానము వెఱ్ఱి యెత్తినవానిని, మీదపడి కరచువానిని విడువరాదనియు, ఎక్కడబడిన అక్కడ మేతపెట్టక నియమిత స్థలములందే పెట్టవలెననియు చెప్పెను. ఆ నవంబరులో బడులు, ఆసుపత్రులు, రైలుస్టేషనులు మున్నగువాని ఆవరణలనుండి కుక్కలను శరణాలయములకు తరలింపవలెనని ఆదేశించెను. రేబీసు వ్యాపింపకుండుటకు నూటికి డెబ్బది కుక్కలకైన టీకా పడవలెనని ప్రపంచారోగ్యసంస్థ మాట.

ఇందు గృహస్థులు చేయదగిన పనులు కొన్ని కలవు. ఎంగిలిని వీధిలో పారవేయరాదు. నిద్రించు కుక్కను, పిల్లలకు పాలిచ్చు కుక్కను సమీపింపరాదని బిడ్డలకు నేర్పవలెను. కుక్క కరచినచో, గీరినను సరే, గాయమును ధారగా పడు నీటితోను సబ్బుతోను పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి టీకాలన్నియు పూర్తిగా వేయించుకొనవలెను. వ్యాధిలక్షణములు బయటపడిన పిమ్మట బ్రతుకుట దాదాపు అసాధ్యము. కారము, పసుపు అద్ది కూర్చుండుట ప్రాణాంతకము.

ఈసారి మీ వీధిలో కుక్కను చూచినప్పుడు దాని చెవికొనను గమనింపుడు. అచ్చట చిన్న గంటు ఉన్నచో దానికి శస్త్రచికిత్స జరిగినదని గుర్తు. చిత్రములోని మెడపట్టీ ఒక యింటివారు పూచీపడినారని చెప్పును. ఈ గంటు ఒక నగరము పూచీపడినదని చెప్పును. గంటు లేని కుక్క కనబడినచో దానిపై రాయి విసరక నగరపాలక కార్యాలయమునకు తెలుపుడు.