షుల్జ్ పాదిరీగారి జాడ

మొన్న సంక్రాంతి సెలవుల్లో మన సంఘం గ్రంథాలయంలో పాత పంచాంగాలు సర్దుతూ వుండగా, పెద్దలొకరు తమ మనుమడు జర్మనీ నుంచి ఫోనుకు పంపిన బొమ్మ ఒకటి చూపించారు. అది ఒక పాత పుస్తకంలోని పుట. అక్షరాలు మనవే గాని, కూడబలుక్కుంటే తప్ప చదువ వీలులేకుండా వున్నవి. మొదటి పుటలో హాలే అనే ఊరి పేరు, 1747 అనే అంకె వున్నవట. "మీరు దస్త్రాలు చూసే ఉద్యోగంలో వున్నారు గదండీ, ఈ తెలుగు అక్కడ ఎవరు అచ్చు వేశారో కాస్త కనుక్కుని చెబుదురూ" అని ఆయన మమ్మల్ని అడిగారు.

మాది ఒక కంపెనీలో రికార్డు గుమాస్తా పని. చదువు మెట్రిక్యులేషను. లాటినూ రాదు, జర్మనూ రాదు. అయినా కాగితం పట్టుకుని మనిషి జాడ తీయడం మాకు ఇరవై ఏళ్లుగా అలవాటైన పనే గనుక సరేనన్నాము.

పుస్తకం వేయించినాయన పేరు సులువుగానే దొరికింది. బెంజమిన్ షుల్జ్. జర్మను పాదిరీ. మద్రాసులో వుండి తెలుగు నేర్చినవాడు. మద్రాసులో వున్న మనిషి గనుక మద్రాసులోనే పోయివుంటాడని మేము అనుకున్నాము. అక్కడే పొరపాటు పడ్డాము. ఒక ఆదివారం కోటలోని సెంట్ మేరీస్ చర్చికి పోయి, ఆవరణలో పరచిన సమాధి రాళ్లన్నీ ఒక్కొక్కటే వంగి చదవసాగాము. ఆ రాళ్ల కథ వేరే వున్నది. అవి మొదట అక్కడివి కావు. 2018 దాకా లా కాలేజీ నడిచిన చోట ఆ రోజుల్లో ఇంగ్లీషువారి శ్మశానం వుండేది. 1758-59లో ఫ్రెంచి సేనాని లాలీ కోటను ముట్టడించినప్పుడు అతని సిపాయిలు ఆ గోరీల చాటునుంచి తుపాకులు పేల్చారు. ఇంకోసారి అట్లా జరగకూడదని తర్వాత రాళ్లను పెకలించి తెచ్చి చర్చి చుట్టూ పరిచారు. ఇంగ్లీషు, లాటిను, పోర్చుగీసు, ఆర్మేనియను భాషల్లో పేర్లు వున్నవి గాని షుల్జ్ పేరు లేదు. నడుము నొప్పితో ఇల్లు చేరాము. మా ఆవిడ, "ఆయన ఇక్కడే పోయాడని మీతో ఎవరు చెప్పారు?" అని అడిగింది. ఎవరూ చెప్పలేదు!

అటు తర్వాత బుద్ధిగా మొదటినుంచీ మొదలుపెట్టాము. షుల్జ్ 1689 జనవరి 7న బ్రాండెన్‌బుర్గ్ రాజ్యంలోని సోన్నెన్‌బుర్గ్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండులో వున్నది. హాలేలో చదివాడు. ఫ్రాంకె అనే ఆయన అక్కడ అనాథ బాలలకోసం పెట్టిన ఆశ్రమం నుంచే తరంగంబాడిలోని డేనిష్ మిషనుకు పాదిరీలు వస్తుండేవారు. షుల్జ్ 1719లో తరంగంబాడి చేరాడు. అరవంలో బైబిలు మొదలుపెట్టిన జీగెన్‌బాల్గ్ అదే ఏడాది ఫిబ్రవరిలో పోయాడు. మరుసటి ఏడు గ్రుండ్లర్ అనే రెండో పెద్దదిక్కూ పోయాడు. కొత్తగా వచ్చినవాడి నెత్తిన మొత్తం భారం పడ్డది. జీగెన్‌బాల్గ్ విడిచిపోయిన అరవ పాత నిబంధనను షుల్జే పూర్తిచేశాడు. తర్వాత 1725లో వచ్చిన కొత్త పాదిరీలతో ఆయనకు పొసగలేదు. 1726లో మద్రాసుకు వచ్చేశాడు. ఆఫీసులో కొత్తవారితో పడక బదిలీ కోరుకున్నవారిని మేము చాలామందిని చూశాము గనుక ఈ ముక్క చదివినప్పుడు మాకు ఆశ్చర్యం కలుగలేదు.

మద్రాసుకు వస్తే ఆయనకు వినవచ్చిన భాష ఏది? తెలుగు! కోటకు ఉత్తరాన, ఇప్పటి హైకోర్టు వున్న చోట, అప్పుడు నల్లవారి పట్నం వుండేది. 1639లో ఇంగ్లీషువారికి ఈ నేల దయచేసినవారే దామెర్ల నాయకులు. కంపెనీకి పెద్ద వర్తకులైన బేరి తిమ్మన్న, కాశీ వీరన్న మనవారే. ఇంగ్లీషువారు తెలుగును జెంటూ అన్నారు. షుల్జ్ అరవదేశం మీదుగా వచ్చినవాడు గనుక "వడుగు" అనే మాటను సాగదీసి వరుగ భాష అని రాసుకున్నాడు. వచ్చిన రెండేళ్లలో, 1728 నాటికి, లాటినులో తెలుగు వ్యాకరణం రాశాడు. 1727-28లో కొత్త నిబంధన, 1732 నాటికి పాత నిబంధన తెలుగు చేశాడు. ఈ తర్జుమాలు ఏవీ అచ్చు కాలేదు. వ్యాకరణం మాత్రం 1984లో హాలేలో, చేతిరాత ఎట్లా వున్నదో అట్లాగే ముద్రించారు. రాసిన 256 ఏళ్లకు! మా ఆఫీసులో ఫైళ్లు ఆలస్యమవుతాయని గోలపెట్టేవారికి ఈ సంగతి చెప్పవలసి వున్నది.

మేము ఇంతకాలం దస్త్రాలలో మునిగి తేలినవారమైనా ఎరుగని చిక్కు ఒకటి ఇక్కడ ఎదురైంది. ఒకే సంగతికి రెండు తేదీలు రావచ్చును. తరంగంబాడి డేనులు, హాలే జర్మనులు 1700 నుంచే కొత్త కాలెండరు పాటించారు. కోటలోని ఇంగ్లీషువారు 1752 సెప్టెంబరు దాకా పాతదానినే వాడారు. రెంటికీ 11 రోజుల తేడా. అంతేగాక పాత ఇంగ్లీషు లెక్కలో ఏడాది మార్చి 25న మొదలయ్యేది. కోట దస్త్రంలో 1742 ఫిబ్రవరి అని రాసివుంటే మన లెక్కన అది 1743 ఫిబ్రవరి అన్నమాట. పేరు సంగతి సరేసరి. షుల్జ్, షుల్జే, షుల్ట్జ్ అని తలా ఒక విధంగా రాశారు. వంశవృక్షాలు గీసేవారు తేదీ పక్కన ఏ కాలెండరో కూడా ఎందుకు రాసుకుంటారో మాకు అప్పుడు బోధపడ్డది.

1728లో లండనులోని క్రైస్తవ జ్ఞాన ప్రచార సంఘం మద్రాసు మిషనును తన ఖర్చు మీదికి తీసుకున్నది. జర్మను పాదిరీ, ఇంగ్లీషు జీతం, తెలుగు పని. ఇట్లా మొత్తం 17 ఏళ్లు గడచినవి. ఒంట్లో బాగుండక 1743లో షుల్జ్ ఓడ ఎక్కి హాలే చేరాడు. మూడేళ్లకు మద్రాసు ఫ్రెంచివారి వశమైంది. కోటకు ఆనుకుని వున్న నల్లవారి పట్నాన్ని వారు కూలగొట్టించారు. మళ్లీ 1749లో మద్రాసు ఇంగ్లీషువారి చేతికి వచ్చిన తర్వాత మిగిలినదీ పోయింది. షుల్జ్ తిరిగిన వీధులలో ఇప్పుడు వకీళ్లు తిరుగుతున్నారు. కోటలో రాయి లేదంటే, ఆ వైపున ఇల్లు లేదంటే, అదీ కారణం.

కాని ఆయన హాలేలో ఊరుకోలేదు. తెలుగు అచ్చులు పోత పోయించి, 1746-47లో చిన్న మతగ్రంథాలు కొన్ని వేశాడు. తెలుగులో అచ్చయిన మొదటి పుస్తకాలు అవేనని జె. మంగమ్మగారు 1975లో వచ్చిన తమ గ్రంథంలో వివరించారు. పెద్దాయన ఫోనులో చూపినది వాటిలో ఒకటే. ఇంకొకటి 1750లో వచ్చింది. మద్రాసు పట్నాన్ని గురించి ముప్పై సంభాషణలు. మొదట తెలుగులో రాసి తర్వాత ఇంగ్లీషు చేసినట్లు దాని శీర్షికలోనే వున్నది. జనం నడవడి, ఆచారాలు, పూజలు అందులో విషయాలు. చర్చి రిజిస్టరులో పుట్టుక, పెళ్లి, చావు అని మూడే గదులు వుంటవి. షుల్జ్ సంభాషణలలో మన పూర్వులు మాట్లాడుతున్నారు. మతం మార్చవచ్చిన మనిషి రాసినది గనుక అన్నీ నమ్మవలసిన పని లేదు. అయినా ఆనాటి మద్రాసు తెలుగువాడి మాట పుస్తకంలోకి ఎక్కడం చిన్న విషయం కాదు. 1760 నవంబరు 25న షుల్జ్ హాలేలోనే కన్నుమూశాడు.

ఇక్కడే వుండిపోయిన జర్మను ఇంకొకాయన వున్నాడు. షుల్జ్‌ను వెదుకబోతే ఆయన దొరికాడు. హెస్సె ప్రాంతంలో 1711లో పుట్టిన ఫాబ్రిషియస్ అనే పాదిరీ 1742లో మద్రాసు వచ్చి, 1791 జనవరిలో పోయేదాకా దాదాపు యాభై ఏళ్లు ఈ తీరంలోనే వున్నాడు. పెళ్లి చేసుకోలేదు. ఫ్రెంచివారు వచ్చినప్పుడు ప్రళయకావేరికి పారిపోయి తిరిగివచ్చాడు. 1752లో వేపేరిలోని గుడి మిషను చేతికి వచ్చింది. దానిని కట్టించినది పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మేనియను వర్తకుడు. సైదాపేటలో అడయారు మీద మొదటి వంతెన 1726లో కట్టించినది కూడా ఈయనే. అంటే షుల్జ్ మద్రాసు వచ్చిన సంవత్సరమే. ఆ వంతెన ఇప్పుడు లేదు గాని శాసనపు రాయి కొత్త వంతెన పక్కన నిలిచివున్నది. ఉస్కాన్ సమాధి వేపేరి సెంట్ మథయాస్ చర్చి ఆవరణలో వున్నది. 1761లో పుదుచ్చేరి నుంచి ఇంగ్లీషువారు పట్టితెచ్చిన అచ్చుయంత్రం వేపేరి చేరగా, దాని మీదనే 1779లో ఫాబ్రిషియస్ అరవ-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. డబ్బు వ్యవహారం మాత్రం ఆయనకు తెలియదు. మిషను సొమ్మును వడ్డీలకు ఇప్పించి, అవి మునిగి, ముసలితనంలో అప్పుల కింద జైలుపాలయినాడు. నిఘంటువు రాసినవాడికి జమాఖర్చు రాయడం రాకపోయె!

ఇంత జాడ తీసి పెద్దాయనకు వప్పజెప్పాము. ఆయన సంతోషించి, "మరి మీ ముత్తాతగారు ఎప్పుడు పుట్టారు?" అన్నారు.

మేము జవాబు చెప్పలేకపోయినాము. మూడు వందల ఏళ్లకు పైగా కిందట ఎక్కడో బ్రాండెన్‌బుర్గ్‌లో పుట్టినవాడి తేదీ నాలుక మీద వున్నది. నెల్లూరు జిల్లా నుంచి బియ్యం కొట్టులో పద్దులు రాయడానికి మద్రాసు వచ్చిన మా ముత్తాత సంగతి తెలియదు. ఆ రాత్రి మా మేనత్త ట్రంకుపెట్టె తీయించాము. అడుగున జాతకం కాగితం ఒకటి దొరికింది. రుధిరోద్గారి నామ సంవత్సరం, శ్రావణ బహుళ పంచమి అని వున్నది. పేరు లేదు. రుధిరోద్గారి అరవై ఏళ్లకు ఒకసారి వస్తుంది. 1863 కావచ్చును, 1923 కావచ్చును. మొదటిదయితే ముత్తాత, రెండవదయితే మా తాత. షుల్జ్‌తో మా తగాదా పదకొండు రోజులది. ఇక్కడ అరవై ఏళ్లది. వారం తెలిసినా ఏ ఏడో పట్టుకోవచ్చును. ఆ మాట రాసిన చోటనే కాగితం మడత మీద చిరిగివున్నది.

మేనత్త కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఈ దస్తూరి మా పురోహితుల వారిదే. వాళ్లింట్లో దీనికి నకలు వుండాలిరా" అన్నది. ఆ పురోహితుల మనుమలు ఇప్పుడు గూడూరులో వుంటున్నారని తెలిసి ఉత్తరం రాశాము. జవాబు ఇంకా రాలేదు. ఈ నెల రెండో శనివారం స్వయంగా వెళ్లివద్దామనుకుంటున్నాము.