ఏటికి ఎదురీదే లెక్క

ఏర్పేడు మండలం గుడిమల్లం దగ్గర స్వర్ణముఖిని వేసవిలో చూస్తే ఇది ఏరంటే నమ్మబుద్ధి కాదు. ఇసుక, కంపచెట్లు, అంతే. ఈశాన్య రుతుపవనాలకు చంద్రగిరి వైపు కొండలు తడిస్తే మాత్రం గట్లు ఒరుసుకుంటూ వస్తుంది. 2021 నవంబరులో అలాగే వచ్చింది. ఆ వానలకే కడప జిల్లా కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది.

వంతెన కడితే వరద ఎంత ఎత్తు లేస్తుందో ముందే చెప్పే ప్రోగ్రాం హెక్-రాస్. దాని వంశం పాతది. ఏటి అడుగు గరుకుతనానికీ నీటి వేగానికీ ఉన్న లంకెను ఐర్లండ్ ఇంజనీరు రాబర్ట్ మ్యానింగ్ 1889లో సూత్రంగా ప్రకటించాడు. వంతెన స్తంభాలు నీటిని ఎంత అడ్డుతాయో తేల్చడానికి అమెరికాలో యార్నెల్ అనే ఇంజనీరు ప్రయోగశాలలో సుమారు 2,600 ప్రయోగాలు చేసి 1934లో ఫలితాలు వెలువరించాడు. ముక్కు చదరంగా ఉన్న స్తంభం కన్నా ముక్కు గుండ్రంగా ఉన్నది నీటిని తక్కువ ఆపుతుందని అంకెల్లో చూపించాడు. ఈ చేతిలెక్కల్ని బిల్ ఐకర్ట్ అనే ఇంజనీరు 1964లో కంప్యూటర్‌కు ఎక్కించాడు. అది 1968లో హెక్-2, 1995లో హెక్-రాస్ అయింది. అమెరికా సైన్యపు ఇంజనీర్ల సంస్థ దీన్ని ఎవరికైనా ఉచితంగా ఇస్తుంది.

పనిచేసే తీరు ముచ్చటైనది. ఏటిని అక్కడక్కడ గట్టు నుంచి గట్టుకు అడ్డంగా కొలిచి ఆ ఆకారాలు ఇవ్వాలి. నెమ్మదిగా పారే ఏటిలో లెక్క దిగువన మొదలై ఒక్కో అడ్డుకోతనూ దాటుతూ ఎగువకు పోతుంది. ప్రతిచోటా నీటి శక్తి ఎంత తరిగిందో చూసి మట్టం తేలుస్తుంది. వంతెన దగ్గర దారి ఇరుకవుతుంది కాబట్టి ఎగువన నీరు ఎగదన్నుతుంది, కింద వేగం పెరుగుతుంది.

ఇక్కడ గరుకుతనపు అంకె చాలా కీలకం. వెడల్పైన ఏటిలో కంప పెరిగి అది రెట్టింపైతే, అదే వరదకు లోతు ఒకటిన్నర రెట్లవుతుంది.

అంతకన్నా భయపెట్టేది స్తంభం మొదట్లో కోత. స్తంభాన్ని కొట్టిన నీరు కిందికి దూకి, గుర్రపు లాడంలా చుట్టూ సుడి తిరిగి ఇసుకను తోడేస్తుంది. వరద తగ్గాక ఆ గుంటలో మళ్ళీ ఇసుక నిండిపోతుంది, పైకి ఏమీ కనబడదు. అందుకే, భారత ఉపఖండపు కాలువల్ని పరిశీలించి లేసీ అనే ఇంజనీరు 1930లో ఇచ్చిన సూత్రాన్ని ఆధారం చేసుకుని, మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనలు వరద మట్టం నుంచి కొలిచే సగటు కోత లోతును స్తంభం దగ్గర రెట్టింపు చేసి చూడమంటాయి.

ఎంత గొప్ప ప్రోగ్రామైనా మనమిచ్చిన కొలతల్నే నమ్ముతుంది. స్వర్ణముఖిలో ఇసుక తవ్విన చోట నిరుటి కొలత ఈ ఏటికి పనికిరాదు. తిరుపతి ఐఐటీ ఏర్పేడులోనే ఉంది. అక్కడి సివిల్ విద్యార్థులు ఏటా వానలకు ముందొకసారి, తర్వాతొకసారి లెవెల్ పరికరం పట్టుకుని ఏట్లోకి దిగాలని, ఆ కొలతలు రోడ్లు భవనాల శాఖ బల్ల మీదికి చేరాలని గట్టిగా కోరుకుంటున్నాను.