కోవెలకుంట్ల సబ్‌జైలు కేసు

1977 మే 5వ తేదీ రాత్రి గడిచి 6వ తేదీ తెల్లవారకముందే, నాటి కర్నూలు జిల్లాలోని కోవెలకుంట్ల సబ్‌జైలులోకి దుండగులు చొరబడి, 7వ నంబరు గదిపై బాంబులు విసిరారు. అందులో రిమాండులో ఉన్న తండ్రీకొడుకులలో తండ్రి కర్నూలు ప్రభుత్వాసుపత్రిలో కన్నుమూశాడు. కుమారుడు గాయాలతో బయటపడ్డాడు. తమ ప్రాణాలకు ముప్పున్నదని వారు ముందే మొరపెట్టుకొన్నారు. తరతరాల కక్షలు చూచిన ఆ సీమలో అట్టి మొరను పెడచెవిని పెట్టడం క్షమింపరాని విషయమే.

ఆ కుటుంబం పది లక్షల రూపాయల పరిహారం కోరుతూ రాష్ట్ర ప్రభుత్వంపై దావా వేసింది. జైళ్ల నిర్వహణ సార్వభౌమాధికారంలో భాగమనీ, అందలి లోపాలకు తాము బాధ్యులం కామనీ ప్రభుత్వం వాదించింది.

ఈ వాదానికి మూలం, రాజు తప్పు చేయడన్న పాత ఆంగ్ల న్యాయసూత్రం. 1861లో కలకత్తా న్యాయస్థానం దీనికి ఒక హద్దు గీసింది. సర్కారు రేవులోని పనివారు ఇనుప సామాను జారవిడువగా ఒక ఓడల కంపెనీ గుర్రం గాయపడింది. ఇది వర్తకుడైనా చేయగల పని కనుక సర్కారు పరిహారం ఇవ్వవలసినదేనని తీర్పు వచ్చింది. రాజ్యం మాత్రమే చేయగల పనులకు మినహాయింపు మిగిలిపోయింది. మీరట్ పోలీసులు 1947లో ఒక వర్తకుని వద్ద పట్టుకొన్న బంగారాన్ని హెడ్ కానిస్టేబులే తీసుకొని పాకిస్తాన్‌కు పారిపోయినా, 1964లో సుప్రీంకోర్టు వర్తకునికి పరిహారం నిరాకరించింది.

విదేశీ ప్రభుత్వాలకైతే న్యాయస్థానం గడప వద్దనే రక్షణ ఉన్నది. రాజ్యాలన్నీ సమానమైనవి కనుక ఒకదానిపై మరొకటి తీర్పరి కారాదన్నది అందలి భావన. సివిల్ ప్రక్రియా స్మృతి 86వ సెక్షను ప్రకారం విదేశీ రాజ్యంపై దావా వేయడానికి కేంద్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి కావాలి. స్వదేశ ప్రభుత్వంపై దావాకు అట్టి అనుమతి అక్కరలేదు. 80వ సెక్షను క్రింద సాధారణంగా రెండు నెలల ముందు నోటీసు ఇస్తే చాలును. గడప దాటిన తరువాతనే అసలు చిక్కు.

కోవెలకుంట్ల కుటుంబానికీ అదే ఎదురైంది. కాలపరిమితి దాటిందని క్రింది కోర్టు దావాను కొట్టివేసింది. హైకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చి 1,44,000 రూపాయలు, ఆరు శాతం వడ్డీతో చెల్లించుమన్నది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి మనిషి కాకపోడనీ, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కు ముందు సార్వభౌమాధికార వాదం నిలువదనీ పేర్కొంటూ, 2000 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఆ అప్పీలును కొట్టివేసింది. అప్పటికి జైలుపై దాడి జరిగి ఇరువదిమూడేండ్లు కావస్తున్నది.